జిరాక్సు మామయ్య ఎడమ మడమ

ఒంట్లో ఎక్కడైనా నొప్పి పుడితే ఎవరైనా 'అమ్మా' అంటారు. జిరాక్సు మామయ్య మాత్రం 'గ్రూపు' అంటారు. ముల్లు గుచ్చుకున్నా, తుమ్ములు ఆగకపోయినా, ఆవలింత సగంలో ఆగిపోయినా ఆయన చెయ్యి దెబ్బ తగిలిన చోటికి పోదు. జేబులో ఉన్న ఫోను మీదికి పోతుంది. "ఉండండి, గ్రూపులో అడుగుదాం" అన్నది ఆయన ఊతపదం. ఒకసారి షాపులో కరెంటు పోయినప్పుడు కూడా ఆ మాటే అన్నారు. వింత ఏమిటంటే, గ్రూపులో నలుగురు దానికి కూడా సలహా ఇచ్చారు.

ఆ గ్రూపు పేరు 'అడుగులో అడుగు'. మడమలు, మోకాళ్ళు, పిక్కలు, నడుములు... ఇలా ఒంట్లో కింది సగం సరిగ్గా మాట వినని రెండువందల పన్నెండుమంది అందులో ఉన్నారు. ఎవరూ ఎవరి ముఖమూ చూసినవాళ్ళు కాదు. కానీ ఎవరి బొటనవేలు ఎటు వంగిందో అందరికీ తెలుసు. దానికి రెండు కట్టుబాట్లు ఉన్నాయి. మొదటిది, పొద్దున్నే హాజరు వేయించుకోవాలి. "నా మోకాలు ఈ రోజు ఫరవాలేదు" అని ఒకరు, "నా పిక్క నిన్నటి నుంచి అలిగింది" అని ఇంకొకరు రాయాలన్నమాట. రెండోది, నొప్పి పూర్తిగా తగ్గినవాళ్ళు అందరికీ ఒక నమస్కారం పెట్టి గ్రూపులోంచి వెళ్ళిపోవాలి. బాగున్నవాళ్ళు తిష్ఠ వేసుకుని కూర్చుని బాగోలేనివాళ్ళకి నీతులు చెప్పకూడదని గ్రూపు పెట్టినావిడ పట్టుదల.

మామయ్యకి ఎడమ మడమ నొప్పి పట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు. బస్టాపు ఎదురుగా ఆయనది జిరాక్సు షాపు. ఒక మిషనూ, ఆ మిషను చుట్టూ పక్కకి తిరిగితే పట్టే ఇద్దరు మనుషులూ, అంతే గది. ఇరవై రెండేళ్ళుగా ఆ మిషను ముందు నిలబడే ఉన్నారు. మూత ఎత్తడం, కాగితం పెట్టడం, మూత వేయడం, మీట నొక్కడం. పక్కన చిన్న బల్ల దగ్గర అత్తయ్య కూర్చుని లామినేషనూ, స్పైరల్ బైండింగూ చూసుకుంటారు. వీధి మొత్తానికి ఆయన మామయ్యే, ఆవిడ అత్తయ్యే. నిజంగా అలా పిలవాల్సిన కోడలు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది.

పెళ్ళయి ఆ ఇంట్లో అడుగు పెట్టిన మర్నాడు పొద్దున కోడలు చూసిన మొదటి దృశ్యం ఇది. వరండాలో కుర్చీ వేసుకుని మామయ్య కూర్చున్నారు. ఎడమ కాలు పొగలు కక్కే వేణ్ణీళ్ళ బకెట్లో ఉంది. కుడి కాలు ఐసు ముక్కలు తేలుతున్న బకెట్లో ఉంది. ఒళ్ళో ఫోను.

"నొప్పి ఏ కాలికి మామయ్యా?"

"ఎడమ మడమకమ్మా."

"మరి కుడి కాలు ఐసులో ఎందుకు పెట్టారు?"

"గ్రూపులో వేణ్ణీళ్ళ వదిన వేడి పెట్టమంది. ఐసు తమ్ముడేమో చల్లగా పెట్టమన్నాడు. ఒకరి మాట విని ఇంకొకరి మాట తీసేస్తే చిన్నబుచ్చుకుంటారు కదా తల్లీ. అందుకని ఆవిడకి ఎడమ కాలు ఇచ్చాను, ఇతనికి కుడి కాలు ఇచ్చాను."

"కుడి కాలికి నొప్పి లేదుగా?"

"లేదు పాపం. ఊరికే తోడొచ్చింది."

కోడలు నవ్వాపుకుంది. తర్వాత చాలా నెలలు ఆ నవ్వు తలుచుకుని తనమీద తనే కోపం తెచ్చుకుంది కూడా. ఎందుకంటే ఆమె ఫిజియోథెరపిస్టు. బస్టాపుకి అవతల, షాపుకి సరిగ్గా ఎదురు మేడ మీది క్లినిక్కులో ఉద్యోగం. వంగని మోకాళ్ళని వంచడం, లేవని భుజాల్ని లేపడం ఆమె పని. మడమ నొప్పి అంటే ఆమెకి కొట్టిన పిండి. అదే రోజు మామయ్య పాదం చేతుల్లోకి తీసుకుని, బొటనవేలితో నొక్కి చూసి, ఒక కాగితం మీద రాసిచ్చింది. మెట్టు అంచున నిలబడి మడమ నెమ్మదిగా కిందికి దించాలి. గోడకి చేతులు ఆన్చి పిక్క సాగదీయాలి. గడ్డకట్టిన నీళ్ళ సీసా అరికాలి కింద దొర్లించాలి. మెత్తటి చెప్పులు వేసుకోవాలి. మూడు వారాలు.

"అలాగే తల్లీ" అని మామయ్య ఆ కాగితాన్ని కళ్ళకద్దుకున్నారు. షాపుకి వెళ్ళగానే నాలుగు కాపీలు తీశారు. ఒకదానికి అత్తయ్య చేత లామినేషన్ చేయించి స్నానాలగదిలో తగిలించారు, తడిసినా చెరగకుండా.

మూడు వారాలయ్యాక కోడలు గర్వంగా అడిగింది. "ఎలా ఉంది మామయ్యా?"

ఆయన గోడ కేసి చూశారు, పైకప్పు కేసి చూశారు, ఫోను కేసి చూశారు. "ఉందమ్మా" అన్నారు.

"నొప్పి ఉందా, తగ్గడం ఉందా?"

"ఆ... రెండూ ఉన్నాయమ్మా."

మర్నాడు పొద్దున ఆయన గ్రూపులో పెట్టిన హాజరుని అత్తయ్య కాఫీ కలుపుతూ పైకే చదివారు. "'ఎడమ మడమ హాజరు. నొప్పి ఓ మోస్తరు. పెద్దలు సలహా ఇవ్వగలరు.' వింటున్నావా అమ్మాయ్? పెద్దలట!"

కోడలి ముఖం మాడిపోయింది. భర్త కళ్ళద్దాల షాపుకి బయల్దేరుతూ ఓదార్చాడు. "మా నాన్న సంగతి నీకు తెలీదు. ఇంట్లోవాళ్ళ వైద్యం ఆయనకి ఎక్కదు. నువ్వు ముక్కూ ముఖం తెలియనిదానివై ఉండి, ఫోనులో చెప్పి ఉంటే ఈపాటికి పరిగెత్తేవాడు."

అక్కడి నుంచి ఎనిమిది నెలలు ఆ ఇంట్లో ఎడమ మడమ రాజ్యమేలింది.

ఆకుల బాబాయి అనే ఒక మోకాలి పెద్దమనిషి, మడమకి క్యాబేజీ ఆకు చుట్టి మేజోడు వేసుకుని పడుకోమన్నారు. వారం తిరిగేసరికి అత్తయ్య వంటింట్లోంచి క్యాబేజీ పట్టుకుని వచ్చారు. "ఏవండీ, మొన్న తెచ్చినప్పుడు ఇది తలకాయంత ఉంది. ఇప్పుడు నిమ్మకాయంత అయిందేమిటి?"

"పై ఆకులు వాడానోయ్."

"ఈ పూట ఇది మనకా, మీ మడమకా?"

"ముందు మడమకి. మిగిలితే మనకి."

ఇంకెవరో వెనక్కి నడిస్తే మడమ మీద భారం పడదన్నారు. మర్నాటి నుంచి మామయ్య ఇంటి నుంచి షాపుదాకా వెనక్కే నడిచారు. ఎదురొచ్చేవాళ్ళకి వీపు చూపిస్తూ, వెనకొచ్చేవాళ్ళకి నమస్కారాలు పెడుతూ. అత్తయ్య పక్కనే నడుస్తూ దారి చెప్పేవారు. "రాయి... గుంట... కుక్క, కుక్క! కాస్త ఎడమకి... మీ ఎడమకి కాదండీ, నా ఎడమకి!" మూడో రోజు ఆవిడకి పొలమారి దగ్గు వచ్చింది. ఆ దగ్గు ఆగేలోపు మామయ్య షాపు దాటి, బస్టాపు దాటి, రెండు వీధుల అవతల ఎవరింటి మెట్లకో తగిలి కూర్చున్నారు. ఆ ఇంటావిడ మంచినీళ్ళిచ్చి, "ఎవరు కావాలండీ?" అంది. "నా షాపు కావాలమ్మా" అన్నారాయన.

నూనె అక్క చెప్పిన నూనెలు రాసుకుని మిషను దగ్గర జారారు. ఐసు తమ్ముడు చెప్పాడని ఫ్రిజ్జులో కూరలు తీసేసి చెప్పులు పెట్టారు. అన్నిటినీ మించినవారు మంచం మాస్టారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. ఊరికే చిట్కా చెప్పి ఊరుకోరు, మడమకి రోజూ హోంవర్కు ఇస్తారు. చేసినట్టు రాసి పంపితే దిద్ది మార్కులు వేస్తారు. "నిన్నటి వ్యాయామానికి పదికి ఆరున్నర. శ్రద్ధ చాలదు" అని వచ్చిన రోజు మామయ్య అన్నం సరిగ్గా తినేవారు కాదు. ఏడొచ్చిన రోజున షాపులోంచి క్లినిక్కు కేసి చూసి చెయ్యి ఊపేవారు. "ఏడమ్మా! ఏడు!"

తను రాసిచ్చిన వ్యాయామానికి మార్కులు వేయాలని తనకి తోచనందుకు కోడలికి ఒకటే ఉడుకుమోత్తనం.

ఆయన మీద కోపం మాత్రం ఎక్కువసేపు నిలిచేది కాదు. పొద్దున్నే స్నానం చేసి దేవుడి ముందు కళ్ళు మూసుకుని నిలబడినప్పుడు ఆయన గొణుగుడు పక్క గదిలోకి వినిపించేది. "ఐసు తమ్ముడి మోకాలు చూడు స్వామీ. నూనె అక్క పిక్క కాస్త వదులు చెయ్యి. వేణ్ణీళ్ళ వదిన మనవరాలికి జ్వరమట. మాస్టారి నడుము మర్చిపోకు..." ఇలా రెండువందల పన్నెండుమందినీ కాకపోయినా ఒక ముప్ఫైమందిని రోజూ దేవుడి సన్నిధిలో ఒప్పజెప్పేవారు. తన మడమ ఊసు మాత్రం ఎత్తేవారు కాదు. పాపం, చివరికి వచ్చేసరికి మర్చిపోతారు కాబోలనుకుంది కోడలు.

చిక్కంతా క్లినిక్కు కిటికీతో వచ్చింది. వ్యాయామం బల్ల మీద పడుకున్నవాళ్ళకి ఆ కిటికీలోంచి సరిగ్గా జిరాక్సు షాపే కనిపిస్తుంది. షాపులో కుంటుతూ తిరిగే మామయ్య కనిపిస్తారు. ఒకరోజు ఒకావిడ కాలు చాపి పడుకుని ఉన్నట్టుండి అంది. "డాక్టరమ్మా, ఆయన మీ మామగారే కదూ? ఆయనకే తగ్గలేదు, ఇంక నాకేం తగ్గుతుంది?" మర్నాటి నుంచి ఆవిడ రాలేదు. తర్వాత ఇంకో ఇద్దరు రాలేదు.

పెద్ద డాక్టరుగారు పిలిచి నెమ్మదిగానే చెప్పారు. "చూడమ్మాయ్. పాదాల నొప్పులకి విడిగా ఒక గది పెట్టి నీ చేతికిద్దామనుకుంటున్నా. నీ పనితనం మీద నాకేం అనుమానం లేదు. కానీ ముందు ఆ ఎదురు షాపులో మడమ సంగతి తేల్చు. వచ్చినవాళ్ళు నన్ను చూడటం లేదు, నిన్ను చూడటం లేదు. ఆయన్నే చూస్తున్నారు."

నెల గడువు. దానికి తోడు రోజంతా వంగి ఎవరో ఒకరి కాలు పట్టుకుని ఉండటంతో ఈ మధ్య ఆమె మెడ పట్టేస్తోంది. ఎవరితో చెప్పుకుంటుంది? ఫిజియోథెరపిస్టు మెడ నొప్పి అనడం గొడుగులమ్మే మనిషి వానకి తడిసిపోయానని ఏడ్చినట్టుంటుంది.

ఆ రోజు నుంచి ఆమె మామయ్య నడకని కన్నార్పకుండా చూడటం మొదలుపెట్టింది. సోమవారం ఆయన ఎడమ కాలితో కుంటుతారు. బాగానే ఉంది. బుధవారం కుడి కాలితో కుంటుతారు. ఆమె గుండె గుభేలుమంది, నొప్పి రెండో మడమకి కూడా పాకిందేమోనని. శుక్రవారం ఉదయం ఎడమ, సాయంత్రం కుడి. బాగా చూస్తే ఒక లెక్క తేలింది. ఫోను ఏ చేతిలో ఉంటే ఆ వైపు కాలితో కుంటుతున్నారు!

"అత్తయ్యా, మామయ్యకి నిజంగా నొప్పి ఏ కాలికి?"

అత్తయ్య స్పైరల్ తీగ చిల్లుల్లోకి ఎక్కిస్తూ తల ఎత్తలేదు. "నాకేం తెలుసమ్మా. నేను కాగితం చూస్తుంటే ఆయన ఫోను చూస్తుంటారు." తల ఎందుకు ఎత్తలేదో కోడలికి తర్వాత తెలిసింది. నవ్వు కనబడుతుందని.

జిరాక్సు షాపుల్లో అన్నిచోట్లా జరిగే ప్రమాదం ఒకటే. కాపీలు భద్రంగా సంచిలో పెట్టుకుని, అసలు కాగితాన్ని మిషను మూత కింద వదిలేసి వెళ్ళిపోవడం. ఆ మంగళవారం ఒక అమ్మాయి ఉద్యోగం ఇంటర్వ్యూకని సర్టిఫికెట్టు కాపీలు తీయించుకుంది. కంగారుగా బస్సెక్కింది. తర్వాతి మనిషి కోసం మామయ్య మూత ఎత్తారు. అద్దం మీద సర్టిఫికెట్టు బోర్లా పడి ఉంది.

అప్పుడు కోడలు మేడ మీద కిటికీ దగ్గర ఒక మోకాలి తాతగారి కాలు వంచుతోంది. కింద బస్సు కదిలింది. షాపులోంచి ఒక మనిషి బాణంలా దూసుకొచ్చాడు. ఒక చెప్పు గాలిలోకి ఎగిరింది. రెండోది కాస్త దూరం వెంట వచ్చి తనూ ఆగిపోయింది. మనిషి ఆగలేదు. రోడ్డు పక్కన నీళ్ళ గుంట ఎగిరి దాటాడు, సైకిలు దాటాడు, బస్సు వెనక కిటికీ దాటాడు, ముందు తలుపు దాటి, బస్సు ముందుకెళ్ళి రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

తాతగారు మోచేతుల మీద లేచారు. "డాక్టరమ్మా, ఆ బస్సుని దాటిందెవరు?"

"మా... మా మామయ్య."

"కుంటుతూ తిరిగే ఆయనేనా?"

కింద మామయ్య సర్టిఫికెట్టు అందించి, ఆ అమ్మాయి తల మీద చెయ్యి వేసి, "భయపడకు, నీకే వస్తుంది" అని పంపించి, వెనక్కి తిరిగారు. పది అడుగులు హాయిగా వేశారు. జేబు తడుముకుని ఫోను చేతిలోకి తీసుకున్నారు. హఠాత్తుగా ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, అటూ ఇటూ చూసి, కుంటుతూ షాపులోకి వెళ్ళిపోయారు. కుడి కాలితో.

తాతగారు మళ్ళీ పడుకుని కాలు చాపారు. "ఆయనకి చేసిందే నాకూ చెయ్యమ్మా" అన్నారు.

అయిదు నిమిషాల్లో కోడలు షాపులో ఉంది. నడుం మీద రెండు చేతులూ. మామయ్య మిషను వెనక్కి నక్కబోయారు గాని అక్కడ చోటు లేదు.

"నొప్పి ఎప్పుడు తగ్గింది మామయ్యా?"

"ఏ నొప్పమ్మా?"

"మామయ్యా!"

ఆయన తల దించుకున్నారు. "నువ్వు కాగితం ఇచ్చిన పంతొమ్మిదో రోజుకి."

"పంతొమ్మిదో రోజుకా! మరి ఈ ఎనిమిది నెలలూ నన్నెందుకిలా ఏడిపించారు? నా చదువంతా మీ ఒక్క మడమ దగ్గర చులకనైపోయింది. రేపో మాపో ఆ గది కూడా పోతుంది, తెలుసా మీకు?"

"ఏ గది తల్లీ?" మామయ్య కంగారుపడ్డారు. సంగతంతా విన్నాక స్టూలు మీద కూలబడిపోయారు. "అయ్యో. నీదాకా వచ్చిందని నాకు తెలియదమ్మా. అంతా మాస్టారి కోసం చేశాను."

"ఆ మార్కుల మాస్టారా?"

"ఆయన ఏడేళ్ళుగా మంచం మీదే ఉన్నారమ్మా. బడి మెట్ల మీంచి పడ్డారట. రోజూ పొద్దున్నే హాజరు వేసేవారు, 'నడుము: నిన్నటిలాగే' అని. ఎప్పుడు చూసినా అదే ముక్క. మొదట్లో అందరూ ఏదో ఒకటి చెప్పేవారట. చెప్పాల్సినవన్నీ అయిపోయాక ఎవరూ ఏమీ రాయడం మానేశారు. ఆయనా ఎవరికీ ఏమీ చెప్పేవారు కాదు. తన నడుమే బాగు చేసుకోలేనివాడు ఇంకొకరికేం చెబుతాడనుకున్నారేమో. నాకు ఉండబట్టలేదు. నువ్వు వచ్చిన వారమే, 'మాస్టారూ, నా మడమ సంగతి మీరు కాస్త చూసిపెట్టాలి' అని రాశాను."

"ఊఁ?"

"రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు ఇంత పొడుగు ఉత్తరం! పుస్తకాలు తెప్పించుకున్నారట. అదివరకు పడుకునే ఫోనులో మాట్లాడి పంపేవారు. నా మడమకి రాయడం కోసమని దిండ్లకి ఆనుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. తర్వాత వెలుతురు కావాలని మంచం కిటికీ పక్కకి జరిపించుకున్నారు. పంతొమ్మిదో రోజున నొప్పి పోయింది కదా, నమస్కారం పెట్టి వచ్చేద్దామనే ఫోను తీశాను తల్లీ. అప్పటికే ఆయన రాసి ఉన్నారు. 'మీ మడమకి ఇవాళ ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ నిద్ర లేచాను. నా నడుము సంగతి పదింటి దాకా గుర్తే రాలేదు' అని." మామయ్య కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నారు. "ఆయనకి నా మడమే ఉద్యోగమమ్మా. ఒకసారి రిటైరైన మనిషిని మళ్ళీ రిటైర్ చేయమంటావా?"

కోడలి చేతులు నడుం మీంచి వాటంతటవే కిందికి దిగాయి. ఆమెకి పొద్దుటి గొణుగుడు గుర్తొచ్చింది. "అందుకేనా, దేవుడి దగ్గర మీ మడమ గురించి అడగరు?"

"అబద్ధాలు గ్రూపులో అయితే సర్దుకుపోతారు గాని, ఆయన ముందు ఎలా ఆడతానమ్మా?"

అత్తయ్య లేచి మిషను కింద సొరుగు లాగి చూపించారు. కోడలు మొదటి రోజు రాసిచ్చిన కాగితం కాపీలు, దొంతర. "కుంటుతూ వచ్చిన ప్రతి మనిషికీ ఒకటి చేతిలో పెడతారు. 'మా కోడలు రాసింది, చక్కగా పని చేస్తుంది' అంటారు. 'మరి మీకు తగ్గలేదేం?' అంటే, 'నేను సరిగ్గా చేయను లెండి' అంటారు. నీ దగ్గరికొచ్చే మడమల్లో సగం ఇక్కడి నుంచి ఆ మెట్లెక్కినవేనమ్మా."

కోడలు ఆ దొంతరని సర్ది, సొరుగు మూసింది.

"మామయ్యా, తగ్గిందని చెప్పేయండి. మాస్టారి వల్లే తగ్గిందని రాయండి."

"తగ్గించింది నువ్వు కదమ్మా!"

"నాకు మీరు ఆ బస్సుని దాటడం చూసినవాళ్ళు చాలు. ఆయనకి ఒక్క గెలుపు ఉండాలి."

"మరి కట్టుబాటు ప్రకారం నేను వెళ్ళిపోవాలి. ఆయనకి పనో?"

కోడలు మెడ మీద చెయ్యి వేసుకుని మెల్లగా అటూ ఇటూ తిప్పింది. "నా మెడ ఉందిగా."

"నీకు మెడ నొప్పా? ఎన్నాళ్ళ నుంచి? ఒక్కసారైనా చెప్పలేదే!"

"ఎవరూ అడగలేదుగా మామయ్యా."

అత్తయ్య వచ్చి కోడలి మెడ తడిమి చూశారు. ఇంట్లో ముగ్గురూ ఎనిమిది నెలలు ఒక మడమ కేసి చూస్తూ మెడ సంగతి గమనించలేదు మరి.

ఆ సాయంత్రం మామయ్య గ్రూపులో సెలవు ఉత్తరం రాశారు. మాస్టారి దయవల్ల మడమ నూటికి నూరుపాళ్ళు నయమైందని. గ్రూపు గ్రూపంతా సంబరం. "నా ఐసే!" అన్నాడు తమ్ముడు. "నా వేణ్ణీళ్ళే!" అంది వదిన. "ఎవరేమన్నా అడుగున ఉన్నది నా నూనె" అంది అక్క. ఆకుల బాబాయి క్యాబేజీ బొమ్మ పెట్టారు. ఆ సందడిలోనే మామయ్య బయటికొచ్చేశారు. ఖాళీ ఫోను పట్టుకుని, స్టేషన్లో అందరినీ రైలెక్కించిన మనిషిలా కూర్చున్నారు. మాస్టారు మాత్రం ఒక్క అక్షరం రాయలేదు.

కోడల్ని చేర్చుకోవడానికి గ్రూపు పెట్టినావిడ మొదట ఒప్పుకోలేదు. ఇది నడుం కింది భాగాల గ్రూపంది. బాగా ఆలోచించి, "మెడ కూడా చివరికి కాళ్ళ మీదే నిలబడాలి కదా" అని తీసుకుంది. 'మాస్టారూ, నేను ఎడమ మడమాయన కోడల్ని. రోజంతా ఎవరో ఒకరి కాలు పట్టుకునే పని. నా మెడ కాస్త చూసిపెట్టాలి' అని కోడలు ఒక ఫోటో జతచేసి పెట్టింది.

ఒక రోజు గడిచింది. జవాబు లేదు. రెండో రోజు కూడా లేదు. మామయ్య గంటకోసారి షాపు వదిలి, క్లినిక్కు మెట్లు ఇరవయ్యీ రెండేసి చొప్పున ఎక్కి వచ్చి, తలుపులోంచి తల పెట్టేవారు. "రాశారా?"

"ఇంకా లేదు మామయ్యా."

"మన వల్లే మళ్ళీ పడుకున్నారంటావా?" అని దిగులుగా దిగేవారు. అదే తలుపు దగ్గర కూర్చున్న నొప్పులవాళ్ళు ఆయన ఎక్కడమూ దిగడమూ నోళ్ళు తెరిచి చూసేవారు. మానేసిన ముగ్గురూ తిరిగి వచ్చారు. పెద్ద డాక్టరుగారు కొత్త గదికి రంగులేయించడం మొదలుపెట్టారు. కోడలికి ఆ రంగు ఏమిటో కూడా కనబడలేదు. కళ్ళన్నీ ఫోను మీదే.

మూడో రోజు పదకొండింటికి ఉత్తరం వచ్చింది. ఇంత పొడుగు! 'మెడ కొత్త పాఠం కాబట్టి చదువుకోవడానికి రెండు రోజులు పట్టింది. మొదటి హోంవర్కు. గంటకోసారి చేతిలో ఎవరి కాలు ఉన్నా వదిలేసి, రెండు నిమిషాలు కిటికీలోంచి దూరంగా చూడు. ఎవరు పిలిచినా పలకకు.'

ఈ ముక్కే కోడలు రోజుకి ఇరవైమందికి చెబుతుంది. తనకి ఒకరు చెప్పడం మాత్రం ఇదే మొదటిసారి. చేతిలో ఉన్న కాలుని మెల్లగా బల్ల మీద పెట్టి, వెళ్ళి కిటికీ దగ్గర నిలబడింది. ఎదురుగా షాపులోంచి మామయ్య రెండు చేతులూ ఎత్తి, ఏమైందన్నట్టు ఊపుతున్నారు. ఆమె తలూపింది. మెడ కలుక్కుమంది. అయినా మళ్ళీ ఊపింది.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం షాపులో కూర్చుని ఉండగా ఆమెకి మాస్టారి దగ్గర నుంచి విడిగా ఒక ఉత్తరం వచ్చింది.

'అమ్మా, ఇది గ్రూపులో రాయలేనిది. మీ మామగారి మడమ తగ్గి చాలా కాలమైందని నాకు తెలుసు. ముప్ఫై నాలుగేళ్ళు పాఠాలు చెప్పాను. కడుపు నొప్పని బడి ఎగ్గొట్టేవాణ్ణి కనిపెట్టలేనా? పైగా ఆయన పంపే ఫోటోల్లో ఒక వారం ఎడమ మడమ, ఒక వారం కుడి మడమ. కానీ ఆ మనిషికి చుట్టూ నలుగురు లేకపోతే తోచదు. తగ్గిందని తేలితే కట్టుబాటు ప్రకారం వెళ్ళిపోవాలి. అందుకని నేనే రోజుకొక వ్యాయామం కనిపెట్టి, మార్కులు తగ్గించి వేసి, ఎనిమిది నెలలు లాక్కొచ్చాను. కనిపెట్టలేక నా ప్రాణం పోయిందనుకో. ఆయనతో అనకమ్మా, నొచ్చుకుంటాడు. నీ మెడ నొప్పి మాత్రం నిజమే. ఫోటోలో భుజాలు బిగిసి ఉన్నాయి. నిన్నటి హోంవర్కుకి పదికి నాలుగు. మధ్యాహ్నం రెండుసార్లు ఎగ్గొట్టావు.'

కోడలు చదివింది. మళ్ళీ చదివింది. మామయ్య సంగతి మాస్టారికి చెప్పకూడదు. మాస్టారి సంగతి మామయ్యకి చెప్పకూడదు. రెండు రహస్యాలూ చెరో భుజం మీద కూర్చున్నాయి. మధ్యలో పట్టేసిన మెడ. ఆమెకి నవ్వాగలేదు. లామినేషన్ బల్ల మీద తల వాల్చి, భుజాలు కదిలిపోయేలా నవ్వింది.

అత్తయ్య సంచిలోంచి క్యాబేజీ తీసి బల్ల మీద పెట్టారు. "ఏమ్మా, ఈ పూట ఇది మనకా, నీ మెడకా?"

మామయ్య మిషను మూత ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి ఇటు తిరిగారు. "ఏంటి తల్లీ, అంత నవ్వొచ్చే మాట ఏం రాశారు మాస్టారు?"

"ఏం లేదు మామయ్యా." కోడలు కళ్ళు తుడుచుకుని, మెడ అటు తిప్పింది, ఇటు తిప్పింది. కలుక్కుమనలేదు. ఆశ్చర్యపోయింది. "మెడ కాస్త తగ్గినట్టుందే!"

మామయ్య చేతిలోంచి మూత ధడేలున పడింది.

"అప్పుడే తగ్గించుకోకమ్మా, నీకు దణ్ణం పెడతాను!"